మనిషి అందం తెలియాలంటే పక్కవాళ్లని చూడండి

ఇరవై ఆరేళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. ఎక్కువగా కుటుంబాలవి, స్కూలు గ్రూపులవి, పాస్‌పోర్టు ఫోటోలు. మొదట్లో నా చూపంతా ముక్కుతీరు మీద, కళ్ల మీద, మేనిఛాయ మీదే ఉండేది. ఇప్పుడు ఒక మనిషి అందం తెలుసుకోవాలంటే పక్కన నిలబడ్డవాళ్లని చూస్తాను. కొందరి పక్కకి రాగానే బిగుసుకున్న భుజాలు దిగుతాయి, పిల్లలు తల ఆనిస్తారు, కెమెరా అంటే భయపడేవాళ్లు కూడా నవ్వేస్తారు. ఇంకొందరు ఎంత చక్కగా తయారై వచ్చినా, వాళ్ల పక్కన ఉన్నవాళ్లు బట్టలు సర్దుకుంటూ మెల్లగా దూరం జరుగుతారు.

ఇది నా ఒక్కరికే అనిపించిన సంగతి కాదు. 2004లో కెవిన్ నిఫిన్, డేవిడ్ స్లోన్ విల్సన్ అనే పరిశోధకులు కొంతమందికి వాళ్ల పాత స్కూలు ఫోటోలు చూపించి, ఎవరు ఎంత అందంగా ఉన్నారో మార్కులు వేయమన్నారు. ఆ ముఖాలు అసలు తెలియని కొత్తవాళ్లనీ అడిగారు. రెండు రకాల మార్కులూ కలవలేదు. తెలిసినవాళ్లకి ఎవరి మీద ఇష్టం, గౌరవం ఉన్నాయో వాళ్ల ముఖం ఎక్కువ బాగా కనిపించింది. అంటే అందంలో కొంత మన చేతుల్లోనే ఉంది. అది పెంచుకోవడానికి నాకు పనికొచ్చినవి చెబుతాను.

అన్నిటికన్నా ముందు వినడం. మామూలు కబుర్లలో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి సుమారు సెకనులో ఐదో వంతే పడుతుంది. అంత తొందరగా మాట రావాలంటే, ఎదుటివాళ్లు ముగించకముందే మన జవాబు తయారైపోవాలి. సరదా కబుర్లకి అది చాలు. బాధ చెప్పుకునే మనిషికి మాత్రం చాలదు. ఫోన్ బ్యాగులో పెట్టేయండి. వాళ్లు ఆపాక ఒక ఊపిరి తీసుకోండి. తర్వాత వాళ్ల మాటలోంచే ఒక ప్రశ్న అడగండి. "ఆఫీసులో నన్నెవరూ లెక్కచేయట్లేదు" అంటే "నా పరిస్థితీ అంతే" అని మన కథ మొదలుపెట్టకుండా, "ఎప్పటి నుంచి అలా అనిపిస్తోంది?" అనండి. ఇది వినడానికి చిన్న విషయం. అలవాటు కావడానికి నాకు ఏళ్లు పట్టింది. ఇప్పటికీ అలసిపోయిన రోజున మర్చిపోతాను.

ఇది నా పనిలోనూ సాయపడింది. నిజమైన సంతోషంతో వచ్చే నవ్వులో పెదాలతో పాటు కళ్ల చుట్టూ ఉండే కండరం కూడా కదులుతుందని ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్ 1862లోనే రాశాడు. "నవ్వండి" అని నేను చెబితే చాలామందికి పెదాలే నవ్వుతాయి. అందుకే ఆ మాట మానేశాను. "మీ పాపకి మాటలు ఎప్పుడొచ్చాయి?" అని అడుగుతాను. జవాబు చెబుతుండగా కళ్లు వాటంతటవే నవ్వుతాయి, అప్పుడు క్లిక్ చేస్తాను.

రెండోది, ఎదురుగా లేనివాళ్ల గురించి మాట్లాడే తీరు. మనం ఒకరిని "పిసినారి" అంటే, వినేవాళ్లు తమకి తెలియకుండానే ఆ గుణాన్ని మనకీ కొంత అంటగడతారని 1998లో జాన్ స్కోరోన్‌స్కీ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం ప్రయోగాలు చేసి చూపించింది. మంచి మాట అంటే ఆ మంచీ అలాగే అంటుతుంది. అలాగని లేని గొప్పలు చెప్పొద్దు. నిజంగా చూసిన ఒక మంచి పని ఉంటే, ఆ మనిషి లేనప్పుడే చెప్పండి.

క్షమాపణ అడగడం నాకు అన్నిటికన్నా కష్టమైంది. ఒకసారి మెమరీ కార్డు కనిపించక, నా దగ్గర లైట్లు పట్టే అబ్బాయిని అందరి ముందూ గట్టిగా తిట్టాను. సాయంత్రం అది నా జేబులోనే దొరికింది. ఆ రాత్రి పక్కకి పిలిచి "సారీరా, టెన్షన్‌లో అనేశాను" అన్నాను. వాడు తలూపాడు కానీ ముఖం విప్పారలేదు. మర్నాడు అదే మనుషుల ముందు "తప్పు నాది, కార్డు నా జేబులోనే ఉంది" అని చెప్పాక, నాతో మళ్లీ మామూలుగా మాట్లాడాడు. అప్పుడు అర్థమైంది: ఎంతమంది ముందు అవమానించామో అంతమంది ముందూ ఒప్పుకోవాలి. "టెన్షన్‌లో", "కానీ" లాంటి మాటలు కలిపితే అది సంజాయిషీ అవుతుంది.

ఎవరి వల్ల మనకి ఏ లాభమూ లేదో వాళ్ల పేరు అడిగి గుర్తుపెట్టుకోండి. ఎవరికైనా మంచి జరిగితే "కంగ్రాట్స్" దగ్గరే ఆగిపోకుండా, ఎలా జరిగిందో చెప్పమనండి.

ఒక్క జాగ్రత్త. మంచితనం పేరుతో అన్నిటికీ తలూపేవాళ్లని చాలామందిని చూశాను. లోపల కోపం పెరిగి, అది దవడ దగ్గర బిగుసుకుని ఫోటోలో కనిపిస్తుంది. చేయలేని పనికి "నా వల్ల కాదండీ" అని మెత్తగా, మొదటిసారే చెప్పేయండి. శుభ్రంగా, చక్కగా తయారవడం కూడా మానకండి, అది మనల్ని మనం గౌరవించుకోవడమే.

వీలైతే ఇవాళే మీ పాత గ్రూపు ఫోటోలు బయటికి తీయండి. మీ ముఖం వదిలేసి, మీకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఎటు వాలి నిలబడ్డారో చూడండి. ఎవరైనా కాస్త దూరం జరిగినట్టు కనిపిస్తే, ముందు వాళ్లకే ఫోన్ చేసి "ఎలా ఉన్నావు?" అని అడిగి, వాళ్లు చెప్పేదంతా వినండి.