కారు ఇంజిన్ వేడెక్కుతోందా? స్పానర్ పట్టే ముందు కారణం ఎలా కనిపెట్టాలి

ఏప్రిల్ వచ్చిందంటే 44వ నంబర్ జాతీయ రహదారి మీద కర్నూలు నుంచి అనంతపురం దాకా బానెట్ ఎత్తి నిలబెట్టిన కార్లు కనిపిస్తూనే ఉంటాయి. తిట్లన్నీ ఎండకే. నిజానికి ఎండ ఒక్కటే మంచి కారును ఆపదు. ఇంజిన్ మామూలుగా నడిచేటప్పుడే లోపల తిరిగే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట 44 డిగ్రీలున్నా ఆ వేడిని బయటికి తోసేలాగే కంపెనీలు కార్లు తయారుచేస్తాయి. ఎండాకాలం చేసే పనల్లా, చలికాలంలో దాక్కున్న లోపాన్ని బయటపెట్టడమే. సరిగా తిరగని ఫ్యాన్, వదులైన పైపు క్లిప్పు, సగం పూడుకుపోయిన రేడియేటర్ అప్పుడే చిక్కుతాయి.

ఇంట్లో చేసుకునే రిపేర్లు ఎక్కువగా బెడిసికొట్టేది చేతకాక కాదు. కారణం తేలకముందే పార్టు కొనేస్తారు, అందుకు. ఏ దశలో ఏం చూడాలో వరుసగా చెబుతాను. చాలావాటికి పనిముట్లు కూడా అక్కర్లేదు.

రోడ్డు మీద డాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు పైకి పోతుంటే

ముందు ఏసీ ఆపండి. తర్వాత హీటర్ ఫుల్‌గా పెట్టి అద్దాలు దించండి. మే నెలలో హీటరేంటని పక్కనున్నవాళ్లు గొడవ చేస్తారు, చేయనివ్వండి. హీటర్ అంటే లోపలున్న చిన్న రేడియేటరే కాబట్టి ఇంజిన్ వేడి కొంత దాని గుండా బయటికి పోతుంది. వేగం తగ్గించి, నీడ చూసుకుని పక్కకు ఆపండి. ముల్లు ఎర్రగీత చేరినా, ఆవిరి కనబడినా వెంటనే ఇంజిన్ ఆపేయాలి. కొన్ని కొత్త కార్లలో ముల్లే ఉండదు. చల్లగా ఉంటే నీలం లైటు, వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. ఎర్ర లైటు వెలిగాక "ఊరు దగ్గరికొచ్చేశాం కదా" అని లాగించారంటే ఇంజిన్ పైభాగంలోని అల్యూమినియం హెడ్ వంగిపోతుంది. క్లిప్పుతో పోయే ఖర్చు ఇంజిన్ విప్పేదాకా వస్తుంది.

కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట్ల ఈ ప్రమాదం ఎక్కువ. వేగం తక్కువ కాబట్టి ముందు నుంచి గాలి సరిగా తగలదు, ఇంజిన్ మీద లోడు మాత్రం ఎక్కువ. ముల్లు మామూలు చోటు దాటిందంటే మలుపులో కాకుండా వెడల్పున్న చోట ఆగండి. అక్కడ పేరున్న పాలకోవా తర్వాత తినొచ్చు.

ఆపాక చేసే తప్పుల్లో అన్నింటికన్నా పెద్దది రేడియేటర్ మూత తిప్పడం. ఈ మూత కుక్కర్ మూత లాంటిదే. లోపల సుమారు ఒక బార్ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది, అందుకే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, అప్పటిదాకా మరగని నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. తడిగుడ్డ వేసి తిప్పితే ఏం కాదనేది ఉత్త మాట, గుడ్డ చేతిని కాపాడుతుందేమో గానీ మొహాన్ని కాపాడదు. కనీసం ముప్పావుగంట ఆగండి. గుడ్డతో పట్టుకుని పై హోస్ పైపును నొక్కి చూడండి. గట్టిగా బిగిసి ఉందంటే లోపల ఒత్తిడి ఇంకా ఉన్నట్టే.

బానెట్ కింద చెయ్యి పెట్టేటప్పుడు ఇంకో సంగతి. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. తువ్వాలు, చున్నీ, వేళ్లు దానికి దూరంగా ఉండాలి. కాలుతున్న ఇంజిన్ మీద బాటిల్‌తో చన్నీళ్లు గుమ్మరించే పని కూడా వద్దు, లోహం చిట్లే ప్రమాదముంది.

ఎప్పుడు వేడెక్కుతోంది?

విప్పే ముందు మీరు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఇదే. సగం కారణం ఇక్కడే దొరుకుతుంది.

సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే ముల్లు దిగుతోందంటే అనుమానం ఫ్యాన్ మీద. వేగంగా పోతున్నప్పుడు గాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, నిలబడినప్పుడే ఫ్యాన్ అవసరం పడుతుంది. దీనికి భిన్నంగా ఊళ్లో బాగుండి హైవే మీద, ఎక్కుడులో వేడెక్కితే ఫ్యాన్‌ను వదిలేయండి. నీళ్లు తిరగడం లేదు, లేదా రేడియేటర్ పూడుకుపోయింది. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు ఎగబాకితే కూలెంట్ ఖాళీ అయి ఉండాలి, థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) మూసుకుపోయి ఉండాలి, లేదా హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే సీలు) పోయి ఉండాలి. ముల్లు పైకీ కిందికీ గెంతుతోందంటే చాలాసార్లు లోపల గాలి చేరినట్టు, కొన్నిసార్లు సెన్సర్ వైరు వదులైనట్టు.

కర్నూల్లో తెలిసినాయన ఒకరు కొండారెడ్డి బురుజు దగ్గరి ట్రాఫిక్‌లో ముల్లు లేస్తోందని కొత్త రేడియేటర్ వేయించారు. తగ్గలేదు. వాటర్ పంపు మార్పించారు. అయినా తగ్గలేదు. డోన్ వైపు హైవేలో మాత్రం ఏ ఇబ్బందీ లేదని ఆయనే చెప్పారు, ఆ మాటను పట్టించుకున్నవాళ్లు లేరు. చివరికి పోయింది ఫ్యాన్ రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు వదిలే స్విచ్చు. అగ్గిపెట్టెకన్నా చిన్నది.

ఫ్యాన్ చూడటం

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. ఎక్కువ కార్లలో కాసేపట్లోనే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజుల డబ్బా తెరవండి. ఏ ఫ్యూజు దేనిదో మూత లోపలి వైపున రాసి ఉంటుంది. ఫ్యూజు బాగుంటే ఫ్యాన్ రిలే తీసి, దాని మీద ఉన్న నంబరే ఉన్న ఇంకో రిలేను, చాలా కార్లలో హారన్ రిలే సరిపోతుంది, ఆ చోట పెట్టి చూడండి. ఫ్యాన్ తిరిగిందా, దోషం దొరికినట్టే. తిరగకపోతే తాళం తీసేసి మోటార్ దగ్గరి ప్లగ్గు ఊడదీసి చూడండి. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కాస్త కరిగినట్టుంటే కరెంటు అక్కడే ఆగిపోతోంది.

ఇక్కడ జరిగే రెండు ఘోరాలు చెప్పాలి. ఒకటి, కాలిపోయిన ఫ్యూజు చోట రాగి తీగ చుట్టడం, లేదా పెద్ద ఆంపియర్ ఫ్యూజు దూర్చడం. ఫ్యూజు బతుకుతుంది, వైరింగ్ కాలుతుంది. రెండోది, ఫ్యాన్‌ను నేరుగా బ్యాటరీకి కలిపి డాష్‌బోర్డు కింద స్విచ్చు పెట్టడం. మన దగ్గర ఇది మామూలైపోయింది. స్విచ్చు వేయడం మర్చిపోయిన రోజు ఇంజిన్ పోతుంది, ఆపడం మర్చిపోయిన రోజు బ్యాటరీ పోతుంది.

కూలెంట్ ఎక్కడికి పోతోంది?

పొద్దున, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రిజర్వాయర్‌లో (కూలెంట్ ఉండే ప్లాస్టిక్ డబ్బాలో) మట్టం చూడండి. కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉండాలి. తగ్గుతోందంటే రాత్రి పడుకోబోయే ముందు కారు కింద పాత అట్టపెట్టె పరవండి. తెల్లారేసరికి మరక ఏ వైపు పడిందో చూస్తే వెతకాల్సిన చోటు తెలుస్తుంది. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర టార్చి వేయండి. చిన్న లీకైతే చుక్కలు కనబడవు, వేడికి ఆరిపోతాయి. వాటి చోట పచ్చగానో, గులాబీ రంగులోనో, తెల్లగానో పొర గడ్డకట్టి ఉంటుంది. గోటితో గీకితే పొడిగా రాలుతుంది. వాటర్ పంపు కింద సన్నటి రంధ్రం ఉంటుంది, అక్కడి నుంచి చార కారిందంటే లోపలి సీలు పోయినట్టే. ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా జిగటగా ఉండి, తియ్యటి వాసనతో అద్దాలకు ఆవిరి పడుతుంటే అది హీటర్ లోపలి లీకు.

ఏసీ వేసిన తర్వాత కారు కింద పడే నీళ్లు చూసి టెన్షన్ పడొద్దు. రంగు, వాసన, జారుడు లేకపోతే అవి ఉత్త ఏసీ నీళ్లు. నాలుక మీద వేసుకుని చూసే పని మాత్రం చేయకండి, కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉండటంతో కుక్కలు నాకి చచ్చిపోతాయి, కారిందంటే కడిగేయండి.

లీకుకు రేడియేటర్‌లో పసుపు పోసే వైద్యం మన రోడ్ల మీద బాగా నడుస్తోంది. నిజమే, ఉబ్బి రంధ్రాన్ని మూస్తుంది. అదే పసుపు హీటర్‌లోని సన్నటి గొట్టాలను కూడా మూస్తుంది. అడవిలో చిక్కుకుంటే తప్ప వద్దు. పోశారంటే ఇల్లు చేరగానే మొత్తం ఫ్లష్ చేయించాలి.

బోరు నీళ్ల సంగతి

రాయలసీమ కార్లకు ఇదే అసలు రోగమని నా అభిప్రాయం. "మనకేమైనా మంచు పడుతుందా, కూలెంట్ ఎందుకు?" అని బోరు నీళ్లు పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికే కాదు. నీళ్లు మరిగే డిగ్రీని పెంచుతుంది, లోపల తుప్పు పట్టకుండా కాపాడుతుంది. అనంతపురం జిల్లా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలెక్కువ. గీజర్ కాయిల్ మీద మీరు చూసే తెల్ల పెచ్చే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. అక్కడ అది వేడిని బయటికి పోనివ్వదు, నీళ్లను తిరగనివ్వదు.

సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి, లేదా కలిపి అమ్మేది కొనండి. రంగు చూసి కొనకండి, రంగుకు పద్ధతంటూ లేదు. మీ కారు మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉందో అదే. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు ఏ నీళ్లు దొరికితే అవి పోయొచ్చు, తప్పులేదు, తర్వాత తీయించేయాలి.

లోపలే కాదు, బయటా పూడుకుంటుంది. ఆదోని వైపు పత్తి సీజన్లో తిరిగే కారుకు దూది పొర, ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టుపక్కల తిరిగేదానికి సిమెంటు దుమ్ము. ముందుండే ఏసీ కండెన్సర్‌కూ (ఏసీ వేడిని వదిలే జాలీ) రేడియేటర్‌కూ మధ్య సందులో ఇరుక్కుంటుంది, బయటికి ముందు భాగం శుభ్రంగానే కనిపిస్తుంది. ఇంజిన్ చల్లారాక, మామూలు పైపు నీళ్లతో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగాలి. వాటర్ సర్వీస్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

థర్మోస్టాట్

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు దూరంగా, రేడియేటర్ పై హోస్‌ను అప్పుడప్పుడు తాకి చూడండి. చాలా కార్లలో కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. అప్పుడు వాల్వ్ తెరుచుకుందన్నమాట. ముల్లు పైకి పోతున్నా హోస్ చల్లగానే ఉందంటే వాల్వ్ మూసుకుపోయి ఇరుక్కుంది. విప్పి తీస్తే ఇంకా నిర్ధారణగా చూడొచ్చు. పాత గిన్నెలో (వంట గిన్నె వద్దు) నీళ్లు పోసి, వాల్వ్‌ను దారంతో వేలాడదీసి వేడి చేయండి. దాని మీద 82 అనో 88 అనో ముద్ర ఉంటుంది, ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి.

"మన ఎండలకు వాల్వ్ ఎందుకన్నా, పీకేయ్" అనే సలహా ప్రతి షెడ్డులోనూ వినబడుతుంది. వినకండి. ఇంజిన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారి తెరుచుకునే ఉండి నీళ్లు రేడియేటర్‌కు సరిగా చేరవు, వేడి ఇంకా పెరుగుతుంది.

స్కానర్ పెట్టాలా?

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్ లోపాలను చదివే చోటు) చవకగా దొరికే బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్లో చూడొచ్చు. కూలెంట్ ఎన్ని డిగ్రీలుందో అంకెలో కనిపించడమే దీని అసలు లాభం. పీ0217 కోడ్ వస్తే ఇంజిన్ మితిమీరి వేడెక్కింది, పీ0128 వస్తే ఉండాల్సినంత వేడెక్కడం లేదు. కోడ్ ఫిర్యాదు మాత్రమే చెబుతుంది, ఏ పార్టు పోయిందో చెప్పదు. కోడ్ చూసి సెన్సర్లు కొనుక్కుంటూ పోతే దుకాణం వాడు బాగుపడతాడు.

ఇక చేతులు పెట్టొద్దనే చోటు

ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూడండి. లేత గోధుమరంగు నురగ దట్టంగా అంటుకుని, డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా అదే రంగులో ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. మూతకు మాత్రమే పలుచగా ఉంటే తేమ కూడా కావచ్చు. వీటితోపాటు ఇంజిన్ వేడయ్యాక కూడా ఆగని తెల్ల పొగ, బయట లీకు లేకుండానే తగ్గే కూలెంట్, రిజర్వాయర్‌లో ఆగకుండా వచ్చే బుడగలు, స్టార్ట్ చేసిన నిమిషానికే రాయిలా బిగుసుకునే హోస్ ఉంటే హెడ్ గ్యాస్కెట్ అనుకోండి. మళ్లీ స్టార్ట్ చేయకుండా టోయింగ్ చేయించండి. హెడ్ విప్పే ముందు బ్లాక్ టెస్ట్ చేయమని మెకానిక్‌ను అడగండి. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని నీలం ద్రవం గుండా లాగుతారు. మండిన వాయువు కలిస్తే రంగు మారుతుంది. హెడ్ విప్పితే గ్యాస్కెట్ ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. హెడ్ సమంగా ఉందో లేదో కొలిపించి, వంగితే ఫేసింగ్ (చెక్కి సమం చేయడం) చేయించాలి.

మళ్లీ నింపేటప్పుడు

పాత కూలెంట్‌ను క్యాన్‌లో పట్టి వర్క్‌షాప్‌కు ఇచ్చేయండి. కాలువలోనో, పశువులు తాగే చోటో పోయొద్దు. కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపి, మూత తీసే ఉంచి, హీటర్ ఫుల్‌గా పెట్టి నెమ్మదిగా పోయండి. ఇంజిన్ నడుస్తుంటే బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా మట్టం చూసుకుంటూ కలుపుతూ ఉండాలి, తర్వాత మూత బిగించాలి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడిపి ఆపేయండి. మరునాడు పొద్దున మట్టం కొంచెం దిగి ఉంటుంది, లోపల మిగిలిన గాలి పోయినందుకు అది మామూలే, కలపండి. ఆ తర్వాత వారంలో మళ్లీ దిగిందంటే అట్టపెట్టె ఇంకోసారి పరవాల్సిందే.