పెద్ద ల్యాబ్ భవనానికి కరెంటు పీక్ డిమాండ్ లెక్కగట్టడం ఎలా?

పీక్ డిమాండ్ అంటే భవనం ఒకేసారి లాగే అత్యధిక కరెంటు. ఆఫీసు భవనమైతే చదరపు అడుగుకు ఇన్ని వాట్లు అని వేసేసి పని ముగించొచ్చు. ల్యాబ్‌కు అది కుదరదు. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో ఉండే తరహా పరిశోధన భవనం ఒకటి కడుతున్నాం అనుకుందాం. విస్తీర్ణం లక్ష చదరపు అడుగులు. సగం ల్యాబ్‌లు, మిగతా సగం ఆఫీసులు, వరండాలు. ఫ్యూమ్ హుడ్‌లు (రసాయనాల పొగను, ఆవిరిని పీల్చి బయటికి పంపే పెట్టెలు) 80. అంకెలన్నీ ఉదాహరణకే, మీ భవనానికి మీవి వేసుకోండి.

1. ముందు గాలి లెక్క

అందరూ పరికరాల జాబితాతో మొదలుపెడతారు. నేనైతే హుడ్‌లు ఎన్నో అడుగుతాను. హుడ్ పీల్చిన గాలి మళ్లీ గదిలోకి రాదు, బయటికే పోతుంది. దాని స్థానంలో బయటి గాలిని చల్లబరిచి, తేమ తీసి పంపాలి.

ఆరడుగుల హుడ్ తెరిచిన మేర సుమారు 12.5 చదరపు అడుగులు. అక్కడ గాలి వేగం నిమిషానికి 100 అడుగులు అనుకుంటే 1,250 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి). దీన్ని చల్లబరచడానికి హైదరాబాద్‌లో రమారమి 8 టన్నుల ఏసీ కావాలి. చిల్లర్ (ఏసీకి నీటిని చల్లబరిచే యంత్రం), పంపులకు 7 కిలోవాట్లు, లోపలికి పంపే ఫ్యాన్, బయటికి లాగే ఫ్యాన్ కలిపి మరో 2. అంటే ఒక్క హుడ్‌కే 9 కిలోవాట్లు!

ఇక్కడో తిరకాసు ఉంది. పీక్ అనగానే మే నెల ఎండ గుర్తొస్తుంది. కానీ అప్పటి గాలి పొడిగా ఉంటుంది. జూన్‌లో ఉష్ణోగ్రత తగ్గినా తేమ పెరుగుతుంది, ఆ తేమ తీయడానికే చిల్లర్‌కు ఎక్కువ పని పడొచ్చు. అందుకే వెట్ బల్బ్ (తేమనూ లెక్కలోకి తీసుకునే ఉష్ణోగ్రత) ఎక్కువగా ఉండే రోజుకూ విడిగా లెక్క వేయండి.

అన్ని హుడ్‌లూ ఒకేసారి పూర్తిగా తెరిచి ఉండవు. వాడకాన్ని బట్టి గాలి తగ్గించే వీఏవీ ఏర్పాటు ఉంటే 60 శాతం తీసుకోవచ్చు. 80 హుడ్‌లకు 720 కిలోవాట్లు, అందులో 60 శాతం సుమారు 430. వీఏవీ లేకపోతే మాత్రం 720 అలాగే ఉంచండి. గదికి గంటకు ఇన్నిసార్లు గాలి మారాలన్న నియమం వల్ల ఇంతకంటే ఎక్కువ గాలి అవసరమైతే ఆ పెద్ద అంకెనే తీసుకోవాలి. రెండూ కలపకూడదు.

2. పరికరాలు: నేమ్‌ప్లేట్‌ను నమ్మొద్దు

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ మీద 230 వోల్టులు, 10 ఆంపియర్లు అని ఉంటుంది, అంటే 2.3 కిలోవాట్లు. సగటున అది ఒక కిలోవాట్ కూడా తాగదు. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది మరి. నేమ్‌ప్లేట్లన్నీ కూడి, పైన ‘సేఫ్టీ’ అని పాతిక శాతం వేసి, కాంట్రాక్టర్ ఇంకో పాతిక వేస్తే వచ్చే అంకెకు, మీటర్‌లో కనిపించేదానికి పొంతనే ఉండదు.

అన్నింటికన్నా మంచి మార్గం కొలవడం. అదే సంస్థకు పాత ల్యాబ్ ఉంటే దాని ప్యానెల్‌కు రెండు వారాలు లాగర్ పెట్టి, 15 నిమిషాలకోసారి రీడింగ్ తీసుకోండి. చదరపు అడుగుకు 4 వాట్లు వచ్చిందనుకుంటే మన 50,000 చదరపు అడుగుల ల్యాబ్‌కు 200 కిలోవాట్లు. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ మాత్రం వేరు: నీరు కాగే సేపు హీటర్ పూర్తి లోడ్ లాగుతుంది. పెద్ద హీటర్లను సగటులో కలపకుండా విడిగా రాయండి.

3. గంటల పట్టిక

ఇరవైనాలుగు గంటలకు అడ్డు వరుసలు గీసి, ఏ లోడ్ ఎప్పుడు నడుస్తుందో ల్యాబ్ వాళ్లనే అడిగి నింపండి. అందరూ పనిలో ఉండే మధ్యాహ్నపు గంట తీసుకుంటే, హుడ్‌లు 430, ల్యాబ్ పరికరాలు 200, ఆఫీసు వైపు ఏసీ 200, కంప్యూటర్లు 75, లైట్లు 90, ఆటోక్లేవ్‌లు, ఆర్‌వో ప్లాంట్, లిఫ్టులు 150. మొత్తం 1,145 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (లాగిన కేవీఏలో నిజంగా పనికొచ్చే భాగం) 0.95 అయితే, దానితో భాగిస్తే సుమారు 1,200 కేవీఏ.

4. ఒకే అంకె అన్నిటికీ వాడొద్దు

ట్రాన్స్‌ఫార్మర్ రేపటి విస్తరణకూ సరిపోవాలి. డిస్కమ్‌తో (కరెంటు పంపిణీ సంస్థతో) ఒప్పందం చేసుకునే డిమాండ్ అలా కాదు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కు తెలుగు రాష్ట్రాల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఇది: నమోదైన డిమాండ్, ఒప్పంద డిమాండ్‌లో 80 శాతం, రెండింట్లో ఎక్కువైన దానికి బిల్లు. 1,200కు సంతకం పెడితే, సగం బెంచీలు ఖాళీగా ఉన్న మొదటి ఏడాది కూడా 960కి కట్టాల్సిందే. తక్కువతో మొదలుపెట్టి, పరికరాలు వచ్చేకొద్దీ పెంచుకోవడమే మేలు. దాటితే అదనపు ఛార్జీ పడుతుంది కాబట్టి ప్రతి నెలా మీటర్ చూస్తుండాలి.

జనరేటర్ లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు అప్పటిదాకా వంతులవారీగా నడిచిన ఫ్రీజర్లన్నీ ఒక్కసారే మొదలవుతాయి. ఇక్కడ సగటు పనికిరాదు. వాటిని విడతలవారీగా ఆన్ చేసే టైమర్లు ప్యానెల్‌లో పెట్టించండి, లేదంటే ఆ కొద్ది క్షణాల కోసం పెద్ద జనరేటర్ కొనాల్సి వస్తుంది.