పాత పాలినేషియాను తిరిగి కట్టడం, 3వ పాఠం: ఒక మాట, ముగ్గురు సాక్షులు

పోయిన పాఠంలో పాలినేషియా భాషల, అంటే పసిఫిక్ సముద్రంలోని టోంగా, సమోవా, తహితి, హవాయి లాంటి దీవుల భాషల శబ్దాల లెక్క చూశాం. ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ఇంటిని టోంగాలో, సమోవాలో ‘ఫలె’ అంటారు, తహితిలో ‘ఫరె’, హవాయిలో ‘హలె’. నాలుగు సమోవాలో ‘ఫా’, హవాయిలో ‘హా’. నేల టోంగాలో ‘ఫొనువ’, హవాయిలో ‘హొనువ’. ఫ ఉన్నచోట హవాయిలో హ వస్తోంది. మనకిది కొత్త కాదు: మన పాలు, పులి కన్నడంలో హాలు, హులి కదా. మార్పు ఇలా వరుసగా కనిపిస్తేనే ఆ మాటలు ఒక తల్లి బిడ్డలని నమ్మండి. ఒక్క పోలిక చూసి తొందరపడొద్దు.

ఇవాళ అర్థం సంగతి. అసలు కష్టం ఇక్కడే. ‘మలాయె’ అన్న మాట తీసుకోండి. టోంగాలో, సమోవాలో అది ఊరి మధ్య ఖాళీ స్థలం. అదే మాట తహితి వైపు ‘మరాయె’ అయి, రాళ్లు పేర్చి కట్టిన గుడికి పేరైంది. రైయాతెయా దీవిలోని తపుతపువాతెయా అలాంటిదే. మరి పూర్వీకుల మలాయె గుడా, మైదానమా?

మాటలు ఇక్కడ ఆగిపోతాయి. మట్టిని అడగాలి. దాదాపు 2,800 ఏళ్ల కిందట లపీటా అనే పాతకాలపు నగిషీ కుండలతో టోంగా చేరినవాళ్ల ఊళ్లలో రాతి గుడులు లేవు. తహితి వైపు జనం చేరిందే సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో, రాతి కట్టడాలు ఆ తర్వాతివి. ఇక మూడో సాక్షి, బతికున్న ఆచారం. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల మరాయెలో సభా గృహం ముందున్న బయలులోనే ఈనాటికీ అతిథులను ప్రసంగాలతో ఆహ్వానిస్తారు. తహితి వైపు తూర్పు దీవుల నుంచి న్యూజిలాండ్ వెళ్లినవాళ్లే ఆ బయలును నిలుపుకున్నారంటే మొదటి అర్థం మైదానమే అయ్యుండాలి. పాట్రిక్ కర్చ్, రోజర్ గ్రీన్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు ఈ మూడు సాక్ష్యాలను ఇలాగే ఎదురెదురుగా పెట్టి చూశారు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే: ఏ సాక్షి మాటా ఒంటరిగా చెల్లదు.

ఇప్పుడు మీ వంతు. కొబ్బరిని టోంగాలో, సమోవాలో, హవాయిలో ‘నియు’ అంటారు. న్యూజిలాండ్ చలికి కొబ్బరి పండదు. అయినా మావోరీలో ‘నియు’ ఉంది, జోస్యం చూసే పుల్లలకు పేరుగా. టోంగాలో ఒకప్పుడు కొబ్బరికాయను గిర్రున తిప్పి శకునం చూసేవారు. చెట్టు పోయి పేరు ఎలా మిగిలిందో నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాయండి. ఏ వాక్యానికి ఏ సాక్షో పక్కనే గుర్తు పెట్టండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలు.