కొత్త పార్టనర్‌తో మొదలుపెట్టే ముందు సిఫిలిస్ జాగ్రత్తలు

కొత్తగా ఎవరితోనైనా దగ్గరవుతుంటే ముందు టెస్ట్ చేయించుకోండి, ఇద్దరూ. హెచ్ఐవీ అంటే అందరికీ భయమే కానీ సిఫిలిస్ మాట ఎత్తితే అదింకా ఉందా అంటారు. ఉంది, పెద్దవాళ్ళు సవాయి రోగం అనేది దీన్నే.

దీంతో చిక్కేంటంటే పుండు నొప్పెట్టదు. అంటుకున్నాక 10 నుంచి 90 రోజుల్లోపు, మామూలుగా 3 వారాలకి, క్రిమి దిగిన చోట లేస్తుంది, గుండ్రంగా, పట్టుకుంటే చర్మం కింద చొక్కా గుండీ ఉన్నట్టు గట్టిగా తగుల్తుంది, గజ్జల్లో బిళ్ళలు కూడా కట్టొచ్చు. నోట్లో రావచ్చు, మలద్వారం దగ్గర రావచ్చు, ఆడవాళ్ళకి లోపల వస్తే అసలు కనపడదు. 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానిపోతుంది, ఈలోపు ఏదో ఆయింట్‌మెంట్ రాసుంటారు కాబట్టి క్రెడిట్ దానికి పోతుంది. క్రిమి మాత్రం అప్పటికే రక్తంలో ఉంటుంది. తర్వాత అరచేతుల్లో అరికాళ్ళలో పెద్దగా దురద పెట్టని మచ్చలు, జ్వరం, జుట్టు అక్కడక్కడా ఊడటం, అవీ పోతాయి. ఇక ఏళ్ళ తరబడి చప్పుడుండదు, మందు పడకపోతే కొందరికి 10, 20 ఏళ్ళ తర్వాత గుండెకీ మెదడుకీ ఎసరు. కళ్ళూ చెవులూ ఏ దశలోనైనా దెబ్బతినొచ్చు, చూపు మసకేస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికెళ్ళండి.

కండోమ్ మొదటి నుంచీ చివరిదాకా ఉండాలి, ఓరల్‌కి కూడా. పర్సులో నెలల తరబడి నలిగింది వద్దు, లేటెక్స్‌కి నూనె, వాజిలిన్ తగిలితే చిరుగుతుంది. కండోమ్ కప్పని చోట పుండుంటే అదీ కాపాడదు, అప్పుడు ఆ ప్రోగ్రామ్ వాయిదా వేసుకోవడమే.

నిన్న కలిసి ఇవాళ వీడీఆర్ఎల్ (సిఫిలిస్‌కి చేసే రక్త పరీక్ష) నెగెటివ్ వచ్చిందని సంబరపడొద్దు, పాజిటివ్ రావడానికి వారాలు పడుతుంది, 6 వారాలకి, మళ్ళీ 3 నెలలకి చేయించుకోండి. ప్రెగ్నెన్సీ వస్తే మొదటి చెకప్‌లోనే చేయించాలి, బిడ్డకి పాకుతుంది, కడుపులోనే చనిపోవచ్చు కూడా.

తేలితే మందు బెంజథిన్ పెనిసిలిన్, 24 లక్షల యూనిట్లు. అంటుకుని ఏడాది లోపైతే ఒక్కసారి చాలు, ఎప్పుడో తెలీకపోతే వారానికోసారి 3 వారాలు. మందు చిక్కగా ఉంటుంది, పిరుదుకి చేస్తారు, ఆ రోజు కూర్చోవడం కష్టమే, అబద్ధం చెప్పను. 24 గంటల్లోపు జ్వరం, వణుకు రావచ్చు, అది క్రిములు చస్తున్నందుకు. ఒళ్ళంతా దద్దుర్లు లేచినా ఆయాసం వచ్చినా మాత్రం ఎమర్జెన్సీయే. పెనిసిలిన్ పడని వాళ్ళు ముందే చెప్పండి, డాక్సీసైక్లిన్ ఇస్తారు, గర్భిణులకి అది పనికిరాదు.

వైద్యం తర్వాత 6 నెలలకి, ఏడాదికి మళ్ళీ రక్తం ఇచ్చి వీడీఆర్ఎల్ రిపోర్ట్‌లో నంబర్ చూసుకోండి, 1:32 ఉన్నది 1:8కో ఇంకా కిందకో దిగాలి. టీపీహెచ్ఏ అనే ఇంకో టెస్ట్ మాత్రం నయమైనా చాలామందికి పాజిటివ్‌గానే ఉండిపోతుంది, దాన్ని చూసి కంగారుపడి మళ్ళీ మళ్ళీ ఇంజెక్షన్లు వేయించుకోకండి.

ఒకసారి వస్తే మళ్ళీ రాదని కాదు. పార్టనర్ మందు వేయించుకోకపోతే మీ ఇంజెక్షన్ దండగే, తిరిగి అంటించుకోవచ్చు. గత 3 నెలల్లో కలిసినవాళ్ళకి టెస్ట్ నెగెటివ్ ఉన్నా మందు వేస్తారు. ఎలా చెప్పాలో తెలీక ఆగిపోతారు చాలామంది, "నాకు సిఫిలిస్ తేలింది, ఇంజెక్షన్ అయింది, నువ్వూ వెళ్ళి చూపించుకో" అని ఒక్క మెసేజ్ పెట్టండి, ఎవరి నుంచి ఎవరికొచ్చిందనే పంచాయితీ తర్వాత.