అమెరికాలో రియల్ ఐడీకి కాగితాలు సిద్ధం చేసుకోవడం ఎలా?

అమెరికాలో మామూలు డ్రైవింగ్ లైసెన్స్ చూపించి విమానం ఎక్కే రోజులు 2025 మే 7తో అయిపోయాయి. అప్పటి నుంచి దేశం లోపలి ప్రయాణాలకు కూడా రియల్ ఐడీ కార్డు (ఫెడరల్ ప్రమాణాలకు తగ్గట్టు రాష్ట్రాలు ఇచ్చే లైసెన్స్ లేదా ఐడీ కార్డు) గానీ, పాస్‌పోర్టు లాంటి మరో గుర్తింపు గానీ అడుగుతున్నారు. చట్టం 2005లోనే వచ్చినా, గడువు పొడిగించుకుంటూ వచ్చి ఇరవై ఏళ్లకు అమల్లో పెట్టారు. మీ లైసెన్స్ పై భాగంలో నక్షత్రం గుర్తు ఉంటే అది రియల్ ఐడీయే. కాలిఫోర్నియా కార్డు మీద ఆ నక్షత్రం ఎలుగుబంటి బొమ్మలో ఉంటుంది.

దీనికోసం కొత్తగా పరీక్షలేమీ రాయక్కర్లేదు. పనంతా కాగితాల దగ్గరే. అన్ని కాగితాలూ పట్టుకెళ్లి కూడా కౌంటర్ దగ్గర నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చే మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకదాంట్లో పేరు ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉండటమే నాకు ఎక్కువగా కనిపించిన కారణం. అందుకే అపాయింట్‌మెంట్ బుక్ చేసే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతాను.

అసలు మీకు అవసరమా?

పిల్లల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకు ఇది అక్కర్లేదు. వాళ్ల ఇండియన్ పాస్‌పోర్టు చూపిస్తే చాలు. గ్రీన్ కార్డు, ఈఏడీ (వర్క్ పర్మిట్) కార్డు కూడా ఎయిర్‌పోర్టులో చెల్లుతాయి. పెద్దవాళ్లతో కలిసి దేశంలోపల ప్రయాణించే 18 ఏళ్లలోపు పిల్లల్ని ఐడీ అడగరు. కారు నడపడానికి కూడా రియల్ ఐడీతో పనిలేదు.

అయినా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండు రోజుల ట్రిప్పుకు కూడా వీసా స్టాంప్ ఉన్న పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరగడం ఎంత టెన్షనో అందరికీ తెలిసిందే. అది పోతే కొత్త పాస్‌పోర్టుకు కాన్సులేట్ చుట్టూ, ఆ తర్వాత మళ్లీ వీసా స్టాంపింగ్ చుట్టూ తిరగాలి. చెల్లే ఐడీ ఏదీ లేకుండా ఎయిర్‌పోర్టుకు వెళ్తే 2026 ఫిబ్రవరి 1 నుంచి 45 డాలర్ల ఫీజు కూడా పెట్టారు.

ముందు మీ రాష్ట్రం లిస్టు

టెక్సాస్‌లో డీపీఎస్, న్యూజెర్సీలో ఎంవీసీ, జార్జియాలో డీడీఎస్, కాలిఫోర్నియా, వర్జీనియాల్లో డీఎంవీ... లైసెన్స్ ఇచ్చే ఆఫీసు పేరు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉన్నట్టే, తీసుకునే కాగితాల లిస్టూ మారుతుంది. డాలస్‌లో ఉండే ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపిన లిస్టు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పనికిరాకపోవచ్చు. మీ రాష్ట్రం సొంత వెబ్‌సైట్ నుంచే లిస్టు ప్రింట్ తీసి, మీ దగ్గరున్నవాటికి టిక్కు పెట్టుకోండి. ఎక్కడైనా మూడు విషయాలు తేలాలి. మీరెవరో, ఏ స్టేటస్‌లో (పౌరసత్వమా, గ్రీన్ కార్డా, వీసానా) ఉన్నారో ఒకటి. సోషల్ సెక్యూరిటీ నంబర్ రెండోది. ఎక్కడ ఉంటున్నారో మూడోది.

గుర్తింపు, స్టేటస్

పౌరసత్వం వచ్చినవాళ్లకు యూఎస్ పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ కార్డు సరిపోతాయి. వీసా మీద ఉన్నవాళ్లు ఇండియన్ పాస్‌పోర్టు, వీసా, ఐ-94 (దేశంలోకి ఎప్పుడొచ్చారో, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) తీసుకెళ్లాలి. వాటితోపాటు హెచ్-1బీ వాళ్లు ఐ-797 (వీసా పిటిషన్ అప్రూవల్ నోటీసు), స్టూడెంట్లు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కూడా పెట్టుకోవాలి. పాస్‌పోర్టులో స్టాంప్ గడువు అయిపోయి, ఇక్కడే ఎక్స్‌టెన్షన్ మీద ఉంటే దాన్ని మీ రాష్ట్రం ఎలా తీసుకుంటుందో లిస్టులో ముందే చూసుకోండి.

మన ఊళ్లో ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ గుర్తింపు కింద చెల్లదు. స్కూల్లో వేసిన పుట్టినరోజు ఒకటి, మున్సిపాలిటీ కాగితంలో ఉన్నది ఇంకొకటి అయిన ఇళ్లు మనలో తక్కువేమీ కాదు కాబట్టి, అడగని ఆ కాగితం బయటికి తీయకపోవడమే మేలు.

ఐ-94 విషయంలో మాత్రం నిదానంగా చూడాలి. చివరిసారి దేశంలోకి వచ్చినప్పటి ఐ-94ను సరిహద్దు తనిఖీలు చూసే సీబీపీ వెబ్‌సైట్‌లో ఉచితంగా తీసుకోవచ్చు. మీరు ఇక్కడే ఉండి ఎక్స్‌టెన్షన్ తెచ్చుకుంటే, కొత్త ఐ-94 ఆ ఐ-797ఏ కాగితం అడుగునే ఉంటుంది. అప్పుడు చూపించాల్సింది అదే. ప్రింట్ తీశాక పేరు, పాస్‌పోర్టు నంబర్, గడువు తేదీ ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవండి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే, ఎయిర్‌పోర్టులో ఐ-94ను ఆ తేదీ వరకే ఇచ్చేయడం జరుగుతుంటుంది. వీసా మూడేళ్లు ఉంది కదా అని మనం ధీమాగా ఉంటాం. లైసెన్స్ మాత్రం ఐ-94 తేదీతోనే ఆగిపోతుంది. లైసెన్స్ సంగతి అలా ఉంచండి, ఆ తేదీ దాటితే స్టేటస్‌కే ముప్పు. తేడా కనిపించిన రోజే కంపెనీ లాయర్‌తో మాట్లాడండి.

సోషల్ నంబర్

సోషల్ సెక్యూరిటీ కార్డు ఉంటే అది. లేకపోతే చాలాచోట్ల డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్నుల ఫారం) గానీ, పే స్టబ్ (జీతం స్లిప్పు) గానీ తీసుకుంటారు. నంబర్ మొత్తం కనిపించాలి, చివరి నాలుగు అంకెలే ఉన్నది పనికిరాదు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్త, పిల్లల వీసా) మీద ఉండి నంబర్ లేనివాళ్లను, సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి తమకు అర్హత లేదన్న లెటర్ తెమ్మని అడిగే రాష్ట్రాలున్నాయి. ఆ లెటర్‌కు ఇంకో ఆఫీసు, ఇంకో క్యూ. కాబట్టి ఆ పని ముందుగా ముగించుకోండి.

అడ్రస్

రెండు కాగితాలు కావాలి. బ్యాంకు స్టేట్‌మెంట్, కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంట్, కారు ఇన్సూరెన్స్ లాంటివి. ఎన్ని రోజుల లోపువి ఉండాలో లిస్టులో రాసి ఉంటుంది. పీఓ బాక్స్ అడ్రస్ చెల్లదు.

ఇక్కడ నిజంగా ఇబ్బంది పడేది కొత్తగా పెళ్లై వచ్చిన ఆడవాళ్లు. బిల్లులన్నీ భర్త పేరు మీదే ఉంటాయి. కొన్ని రాష్ట్రాలు భర్త సంతకం చేసిన అఫిడవిట్, మ్యారేజ్ సర్టిఫికెట్ కలిపి తీసుకుంటాయి. కానీ దానిమీదే ఆధారపడకండి. భార్య అమెరికా వచ్చిన మొదటి వారంలోనే అద్దె అగ్రిమెంట్‌లో పేరు చేర్చి, జాయింట్ అకౌంట్ తెరిచేయండి. రియల్ ఐడీకే కాదు, రేపు ఏ పనికైనా తన పేరుతో కాగితం ఉండటం ఆమె హక్కు.

పేరు

అన్ని కాగితాలనూ టేబుల్ మీద వరసగా పరిచి, ప్రతిదాంట్లో పేరు ఎలా ఉందో తెల్ల కాగితం మీద అక్షరం అక్షరం రాయండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉందా? రెండు ముక్కల పేరు ఒకచోట కలిపి, మరోచోట విడిగా ఉందా? పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసినవాళ్లకైతే తిప్పలు ఇంకా ఎక్కువ. వీసాలో వాళ్ల పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు సరిచేసుకోవడమే దానికి శాశ్వత పరిష్కారం. అందుకు సమయం పడుతుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి.

పెళ్లయ్యాక పేరు మార్చుకున్నవాళ్లు రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్ పెట్టుకోవాలి. శుభలేఖ, గుడిలో ఇచ్చిన రసీదు లెక్కలోకి రావు. ముందు పాస్‌పోర్టు, తర్వాత సోషల్ సెక్యూరిటీ, ఆఖరున లైసెన్స్... పేరు ఈ వరసలో మార్చుకుంటూ వస్తే ఎక్కడా అడ్డు పడదు.

కౌంటర్ దగ్గర

అన్నీ ఒరిజినల్సే తీసుకెళ్లండి, జిరాక్సులు అదనంగా ఉంచుకోండి. ఫోన్‌లో చూపిస్తే కుదరదు. మీ స్టేటస్‌ను వాళ్లు సేవ్ అనే ఫెడరల్ సిస్టమ్‌లో చెక్ చేస్తారు. వెంటనే జవాబు రాకపోతే కంగారు పడకండి. కేస్ నంబర్ అడిగి తీసుకుంటే, సేవ్ కేస్‌చెక్ పేజీలో మీరే చూసుకోవచ్చు. అమెరికాలో దిగిన స్టూడెంట్లు ఓ పది రోజులు ఆగి వెళ్తే ఈ ఆలస్యం చాలావరకు తప్పుతుంది.

కార్డు పోస్టులో వస్తుంది. ఈలోగా చేతికిచ్చే తాత్కాలిక కాగితం ఎయిర్‌పోర్టులో చెల్లదు కాబట్టి, ఆ మధ్యలో ప్రయాణం ఉంటే పాస్‌పోర్టు పట్టుకెళ్లాల్సిందే. కార్డు మీద లిమిటెడ్ టర్మ్ అనో టెంపరరీ అనో రాసి ఉంటే భయపడక్కర్లేదు. వీసా మీద ఉన్నవాళ్లకు అలాగే ఇస్తారు, గడువు లోపు అది పూర్తిగా చెల్లుతుంది. ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయి కొత్త ఐ-797 రాగానే రెన్యువల్‌కు స్లాట్ వెతకడం మొదలుపెట్టండి.