గోడ మీది విలువలు హెచ్‌ఆర్ టార్గెట్లలోకి రావాలంటే

ఈసారి హెచ్‌ఆర్ (ఉద్యోగుల వ్యవహారాలు చూసే విభాగం) లక్ష్యాలు రాసుకునే ముందు ఒక చిన్న పని చేసి చూడండి. కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు లక్ష్యాలు, కుడివైపు కంపెనీ గోడ మీద రాసిపెట్టుకున్న విలువలు రాయండి. ఒక్కో లక్ష్యం దగ్గర ఆగి, 'దీన్ని అందుకునే తొందరలో ఏ విలువ దెబ్బతింటుంది?' అని అడగండి. ఏ విలువకి సరిపోతుందని అడిగితే ఏదో ఒకటి దొరికేస్తుంది, అందుకే తిరగేసి అడగమంటున్నా.

ఉదాహరణకి లక్ష్యం '30 రోజుల్లో ఖాళీ భర్తీ', విలువ 'మనుషుల పట్ల గౌరవం' అనుకోండి. హడావిడిలో ముందు గాలికి పోయేది, ఎంపిక కానివాళ్లకి జవాబివ్వడమే. కాబట్టి లక్ష్యం పక్కనే ఇంకో ముక్క చేర్చండి: ఇంటర్వ్యూకి వచ్చిన ప్రతి ఒక్కరికీ 5 పనిదినాల్లో ఫలితం చెప్పాలి. అప్పుడు గౌరవాన్ని కూడా లెక్కపెట్టొచ్చు.

బోనస్ ఫారం కూడా ఓసారి తీసి చూడండి. పైన 'కలిసి పనిచేద్దాం' అని రాసి, కింద మార్కులన్నీ ఎవరి అమ్మకాలకి వాళ్లకే వేస్తుంటే జనం నమ్మేది కిందిదాన్నే. తోటివాళ్లకి చేసిన సాయానికీ ఓ గడి పెట్టండి. ఆ మార్కు మేనేజర్ కాదు, సాయం అందుకున్నవాళ్లు వేయాలి.