జేసీబీ కంటే ముందు కాగితం వెళ్లాలి: విశాఖలో పాత భవనం కూల్చివేతకు అభ్యంతరం పెట్టడం ఎలా

వందేళ్లు దాటిన భవనాన్ని ఎవరూ ముట్టుకోలేరని మనలో చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. వయసును చూసి ఏ భవనానికీ రక్షణ ఇవ్వరు, జాబితాలో పేరుంటేనే ఇస్తారు. వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు నుంచి కురుపాం మార్కెట్ దాకా ఉన్న పాత ఇళ్లలో చాలావాటికి చట్టం దృష్టిలో నిన్నగాక మొన్న కట్టిన అపార్ట్‌మెంటుకున్న విలువే ఉంటుంది. పైగా కూల్చే ముందు ఊరివాళ్లను పిలిచి అడిగే పద్ధతి మన దగ్గర లేదు. చికాగోలో 2003 నుంచి ఒక నియమం ఉంది. సర్వేలో ముఖ్యమైనవని గుర్తించిన భవనాలకు కూల్చివేత పర్మిట్ అడిగితే, వాటిని కాపాడే దారి ఏమైనా ఉందేమో చూడటానికి 90 రోజుల దాకా ఆపుతారు. మనకు అలా ఎవరూ ఆపరు, ఆ 90 రోజులు మనమే సంపాదించుకోవాలి.

ముందు ఆ భవనం ఏ జాబితాలో ఉందో తేల్చుకోండి, ఎందుకంటే ఎవరికి రాయాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. మొదటిది కేంద్రం జాబితా, 1958 చట్టం కిందిది. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ అందులో ఉంది. 2010 సవరణ ప్రకారం అలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ సిఫారసు మీద ఇచ్చే అనుమతి కావాలి. రెండోది రాష్ట్రానిది, 1960 చట్టం కిందిది, తొట్లకొండ లాంటివి దీని కిందకి వస్తాయి. మూడోది నోటిఫై అయిన హెరిటేజ్ కట్టడాలు, వీటిలో మార్పులకైనా వీటి పక్కన కట్టుకోవడానికైనా సంబంధిత సంస్థ క్లియరెన్సు ఉండాలని భవన నిర్మాణ నియమాలే చెబుతున్నాయి. మీ భవనం నోటిఫై అయిందా లేదా అని సిరిపురం ఉద్యోగ్ భవన్‌లోని వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) ప్లానింగ్ విభాగంలో రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే నోటితోనే చెబుతారు, దాంతో మీకు పనికొచ్చేదేమీ ఉండదు.

ఇవి కాక ఇంటాక్ అనే వారసత్వ పరిరక్షణ స్వచ్ఛంద సంస్థ వాళ్లు చేసే జాబితాలున్నాయి. 1984లో పెట్టిన సంస్థ, విశాఖలో చాప్టర్ కూడా ఉంది, భవనం చరిత్ర రాసిపెట్టడంలో బాగా సాయపడతారు. కానీ ఆ జాబితాలో పేరున్నంత మాత్రాన చట్టపరంగా ఆపలేం. దాన్ని సాక్ష్యంగా వాడుకోవాలంతే.

మీ భవనం ఏ జాబితాలోనూ లేదనే తేలుతుందనుకోండి. చాలాసార్లు తేలేది అదే. అయినా పని మొదలుపెట్టొచ్చు.

కూల్చివేత ఉన్నట్టుండి జరిగినట్టు కనిపిస్తుంది గానీ దానికి ముందు గుర్తులు చాలా ఉంటాయి. పేపర్లో చిన్న అక్షరాలతో లాయరు నోటీసు పడుతుంది, ఫలానా డోర్ నంబరు గల ఆస్తిని మా క్లయింటు కొంటున్నారు, అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లో తెలపండి అని. ఆ తర్వాత అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తారు, కరెంటు మీటరు తీసేస్తారు, ముందు టిన్ను రేకులు కడతారు. అన్నిటికంటే గట్టి గుర్తు టేకు తలుపులు, కిటికీలు. అవి ఆటో ఎక్కి పాత కలప అడితికి వెళ్లాయంటే ఇక మీకు వారాలు లేవు, రోజులే. తలుపులు తీసేసిన ఇంట్లోకి ఒక్క వానాకాలం నీళ్లు పోతే చాలు, శిథిలమైపోయిందని చెప్పడం తేలిక.

గుర్తులు కనిపించిన రోజే ఫోటోలు తీయండి. రోడ్డు మీద నిలబడి తీయండి, గేటు దూకి లోపలికెళితే కేసు మీ మీదే పడుతుంది. మొత్తం ముందు భాగం ఒకే ఫ్రేములో, రెండు మూలల నుంచి ఏటవాలుగా, తర్వాత దగ్గరగా: ఖొండలైటు రాతి గోడ, ఆర్చీ, సున్నంతో చేసిన పూలతీగ పని, ఇనుప గ్రిల్లు, శిలాఫలకం ఉంటే దాని మీద అక్షరాలు చదవగలిగేలా. ఒక ఫోటోలో డోర్ నంబరు పడాలి. పక్కింటి మేడ మీద నుంచి పైకప్పు కూడా తీయగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే రేపు గొడవంతా పైకప్పు గురించే జరుగుతుంది. ఆ ఇంటి చరిత్ర కోసం అక్కడి పెద్దవాళ్లను అడగండి, కానీ వాళ్లు చెప్పిందంతా అలాగే రాసేయకండి. మన ఊళ్లో ప్రతి పాత బంగళా ఏదో ఒక జమీందారుదే, ప్రతి మెట్టు మీదా ఎవరో ఒక మహానుభావుడు కూర్చున్నాడు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం), లింకు డాక్యుమెంట్లు, పాత పన్ను రసీదులు, 1907లో అచ్చయిన జిల్లా గెజిటీర్ లాంటి వాటిలో దొరికినంతే రాయండి. ఒక్క అబద్ధం దొరికితే మిగతా కాగితమంతా చెత్తబుట్టలోకి పోతుంది.

ఇక అర్జీ. జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) కమిషనర్ పేరున రాయండి, నకళ్లు చీఫ్ సిటీ ప్లానర్‌కు, వీఎంఆర్‌డీఏకు, రాష్ట్ర పురావస్తు శాఖకు పెట్టండి. భాష ఇలా ఉంటే చాలు:

“ఫలానా వార్డు, ఫలానా వీధిలో డోర్ నంబరు ఫలానా గల భవనాన్ని కూల్చే ఏర్పాట్లు జరుగుతున్నట్టు కనిపిస్తోంది (ఫోటోలు 1 నుంచి 6). కూల్చివేతకు గానీ, అదనపు అంతస్తుకు గానీ, ముందు భాగం మార్పుకు గానీ అనుమతి ఇచ్చి ఉంటే దాని నకలు ఇప్పించగలరు. ఇవ్వకపోతే, భవనాన్ని హెరిటేజ్ దృష్టితో పరిశీలించి నిర్ణయం తీసుకునేదాకా ఏ అనుమతీ ఇవ్వవద్దని, అనుమతి లేకుండా పని జరిగితే ఆపించమని కోరుతున్నాను.”

అంతకు మించి అక్కర్లేదు. సంస్కృతి, వారసత్వం అంటూ రెండు పేజీలు రాస్తే ఎవరూ చదవరు. రాజ్యాంగంలోని 51ఏ(ఎఫ్), మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని కాపాడటం పౌరుల విధి అని చెప్పేది, ఒక్క లైనులో పెడితే పెట్టండి. ఇన్‌వర్డులో ఇచ్చి మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి, కుదరకపోతే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, డెలివరీ అయినట్టు రుజువు దాచుకోండి. సోమవారాలు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వొచ్చు, అక్కడ నంబరు వస్తుంది కాబట్టి తర్వాత వెంటపడటం సులువు. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కూడా కలవండి. “సార్, ఈ డోర్ నంబరుకు ప్లాన్ ఏదైనా వచ్చిందా?” అని మర్యాదగా అడిగితే చాలావరకు చెబుతారు, సైటుకు ముందు వెళ్లాల్సింది వాళ్లే కదా.

సమాచార హక్కు దరఖాస్తు దీని తర్వాత, దీని బదులు కాదు. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు, ఆ లోపు జేసీబీ వచ్చి వెళ్లిపోతుంది. అందులో “ఎందుకు కూలుస్తున్నారు” అని అడగకండి, అది సమాచారం కాదని తిప్పి పంపేస్తారు. దరఖాస్తు నకలు, ప్లాను, స్థల పరిశీలన రిపోర్టు, శిథిల భవనం నోటీసు, స్ట్రక్చరల్ రిపోర్టు (కట్టడం గట్టిదనం గురించి ఇంజనీరు ఇచ్చేది), ఎన్‌వోసీలు (నిరభ్యంతర పత్రాలు) అని కాగితాల పేర్లు పెట్టి అడగండి. జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు 30 రోజులు, రెండోదానికి 90 రోజులు ఉంటాయి.

అసలు కీలకం ఆ శిథిల భవనం నోటీసులోనే ఉంది. మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం సెక్షన్ 456 కింద, పడిపోయేలా ఉన్న కట్టడం గురించి కమిషనర్ యజమానికి నోటీసు ఇవ్వొచ్చు. అందరూ దాన్ని కూల్చివేత ఆర్డరులా చదువుతారు. కానీ ఆ సెక్షన్‌లో కూల్చడంతో పాటు భద్రపరచడం, మరమ్మతు చేయడం కూడా ఉన్నాయి. మీ అర్జీలో దీన్ని గట్టిగా పట్టుకోండి: మరమ్మతు ఎందుకు కుదరదో ఎవరు తేల్చారు, ఏ పరీక్ష చేసి తేల్చారు? స్ట్రక్చరల్ రిపోర్టు చేతికొస్తే పరీక్షల పేజీ తీయండి. రాయి, గానుగ సున్నంతో కట్టిన గోడకు రీబౌండ్ హామర్ టెస్టు చేశామని రాసి ఉంటే ఆగి అడగండి, అది కాంక్రీటు గట్టిదనం చూసే పరికరం. మద్రాసు టెర్రస్ పైకప్పులో, అంటే చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన దానిలో, ఒక గదిలో దూలం పుచ్చితే ఆ దూలం మార్చొచ్చు, ఇల్లంతా పడగొట్టక్కర్లేదు. పాత కట్టడాల మీద పని చేసిన స్ట్రక్చరల్ ఇంజనీరుతో రెండో అభిప్రాయం రాయించి జతచేస్తే మీ అర్జీ బరువే మారిపోతుంది. అలాగని నిజంగా పడిపోయేలా ఉన్న గోడను సమర్థించకండి. కింద బడి పిల్లలు నడుస్తారు. ఆ భాగానికి ఆసరా పెట్టమని, చుట్టూ కంచె వేయమని మీరే ముందు అడగండి.

యజమానిని శత్రువును చేసుకోవడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. అన్నదమ్ముల వాటాలు, దశాబ్దాల నాటి అద్దెలు, హుద్‌హుద్ తుపానులో ఎగిరిపోయి మళ్లీ వేయించని పెంకులు, ఇవన్నీ ఆయన నెత్తిమీద ఉంటాయి, మనం రోడ్డు మీద నిలబడి ఫోటోలు తీస్తుంటాం. ఒకసారి వెళ్లి కూర్చుని మాట్లాడండి. సున్నాలు, ప్లాస్టరింగు, నేల బాగుచేయించుకోవడం లాంటి చిన్న పనులకు పర్మిషన్ గొడవ ఉండదని, హెరిటేజ్ కట్టడంగా గుర్తింపు వస్తే టీడీఆర్ (అక్కడ వాడుకోలేని నిర్మాణ హక్కును వేరేచోట వాడుకోవడానికో అమ్ముకోవడానికో ఇచ్చే పత్రం) అడిగే వీలుందని, ముందు భాగం ఉంచి వెనక కట్టుకునే దారి కూడా ఉందని చెప్పండి. గోడల మీద సిమెంటు పూయొద్దని కూడా చెప్పండి. సముద్రపు గాలికి లోపలికెళ్లిన తేమ, ఉప్పు బయటికి రాలేక రాయినే తినేస్తాయి.

ఇంత చేసినా జేసీబీ వస్తే, అది ఆదివారమో రెండో శనివారమో అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు పని జరుగుతున్న వీడియో తేదీ, సమయం కనిపించేలా తీసి, ముద్ర ఉన్న మీ అర్జీ నకలుతో కలిపి కమిషనర్‌కు, టౌన్ ప్లానింగ్ అధికారులకు పంపండి. పర్మిషన్ కాగితం చూపించమని అక్కడున్నవాళ్లను అడగండి, కానీ బండికి అడ్డం పడుకోవద్దు.

ఆ వెంటనే హైకోర్టు. రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద రిట్ పిటిషన్ వేస్తే జడ్జి మొదట అడిగేది మీరు అధికారులకు ముందే అర్జీ ఇచ్చారా అని, అందుకే ముద్ర గురించి అంత చెప్పింది. హైదరాబాద్‌లో ఇర్రం మంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కడదామని ఏకంగా మంత్రివర్గమే నిర్ణయిస్తే, 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఇస్తారు.

స్టే వచ్చిందని ఊరుకుంటే మాత్రం వచ్చే ఏడాది అదే భవనానికి మళ్లీ శిథిలమన్న నోటీసు వస్తుంది. అక్టోబరు తుపాన్ల లోపు పైకప్పు మీద టార్పాలిన్ వేయించడం, గోడల్లో మొలిచిన రావి మొక్కలు వేళ్లతో సహా తీయించడం, నోటిఫై చేయమని వీఎంఆర్‌డీఏకు విడిగా ఇంకో అర్జీ పెట్టడం, ఈ మూడూ స్టే వచ్చిన వారంలోనే మొదలుపెట్టండి.